గూగుల్‌కు ఎలా తెలుస్తుంది?

(వయోజన విద్యా కేంద్రంలో మహిళల కోసం ఇచ్చిన ప్రసంగం)

 

ఈ రోజుల్లో ఇంట్లో ఏ సందేహం వచ్చినా పిల్లలు ఒకటే మాట అంటారు. “గూగుల్‌లో చూస్తే సరి!” పత్తికి పట్టిన పురుగు ఏమిటి? గూగుల్‌లో చూడు. పింఛనుకు ఏ కాగితాలు కావాలి? గూగుల్‌లో చూడు. రైలు ఎన్ని గంటలకు? అదీ గూగుల్‌లోనే చూడు. కొందరు సరదాగా ‘గూగులమ్మ’ అని కూడా పిలుస్తారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ మాత్రం అడగ్గానే రెప్పపాటులో పెట్టేస్తుంది.

మరి ఆ అమ్మకు ఇవన్నీ ఎవరు చెప్పారు? ఆమె చెప్పిందల్లా నిజమేనా? మన ఊరి సంగతి ఆమెకు తెలుసా?

ఇది తెలుసుకోవడం చాలా అవసరం. ఎందుకంటే ఈ వెతుకులాటలోనే కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు. కొందరు తప్పుడు వైద్యం నమ్మి ఒళ్లు పాడుచేసుకుంటున్నారు. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

గూగుల్ ఒక కంపెనీ పేరు. ఇలా వెతికిపెట్టేవి ఇంకా ఉన్నాయి. బింగ్ ఒకటి, డక్‌డక్‌గో ఒకటి. వీటన్నిటినీ ఇంగ్లీషులో ‘సెర్చ్ ఇంజన్’ అంటారు. అంటే వెతికే యంత్రం. ఇది మోటారులాంటి ఇనుప యంత్రం కాదు. కంప్యూటర్లలో నడిచే ఒక ఏర్పాటు.

పేజీలు, బాటలు

ముందు ఆ యంత్రం దేంట్లో వెతుకుతుందో చూద్దాం.

లోకంలో కోట్ల కొద్దీ కంప్యూటర్లు, ఫోన్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. కొన్ని తీగలతో కలిశాయి. కొన్ని సముద్రం అడుగున వేసిన కేబుళ్లతో కలిశాయి. ఈ అల్లికే ఇంటర్నెట్టు. ఇందులో కొన్ని కంప్యూటర్లు పేజీలను దాచి ఉంచుతాయి. ఎవరు అడిగినా ఆ పేజీని పంపుతాయి. ప్రతి పేజీకీ ఒక చిరునామా ఉంటుంది. మన ఇంటికి డోరు నంబరు ఉన్నట్టే.

ఈ పేజీల పద్ధతిని టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త 1989లో ఆలోచించాడు. అప్పుడాయన జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రంలో పనిచేసేవాడు. 1991లో ఇది బయటి జనానికి అందింది.

ఇందులో ఒక గొప్ప సంగతి ఉంది. ఒక పేజీలో ఒక మాటను వేలితో నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. దీన్ని ‘లింకు’ అంటారు. లింకు అంటే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వేసిన బాట అనుకోండి. వెతికే యంత్రం కథంతా ఈ బాటల మీదే నడుస్తుంది.

మొదట్లో పేజీలు కొన్నే ఉండేవి. మనుషులే కూర్చుని జాబితా రాసుకునేవారు. 1994లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు యాహూ మొదలుపెట్టారు. అది అలాంటి జాబితాయే. ఆటలన్నీ ఒక చోట, వార్తలన్నీ ఒక చోట చేర్చి పెట్టారు. కానీ పేజీలు పుట్టలోంచి చీమలు వచ్చినట్టు వచ్చాయి. మనిషి రాసే జాబితా వాటిని అందుకోలేకపోయింది. అందుకే ఆ పని యంత్రానికి అప్పగించవలసి వచ్చింది.

మొదటి పని: తిరిగి చూడటం

జనాభా లెక్కలు రాసే మాస్టారిని చూసే ఉంటారు. ఆయన ఒక వీధిలో మొదలుపెడతాడు. ఒక ఇల్లు రాసుకుంటాడు. పక్క ఇంటికి వెళతాడు. “ఈ సందు వెనక ఇంకా ఇళ్లున్నాయా అమ్మా?” అని అడుగుతాడు. ఉన్నాయంటే ఆ సందులోకి వెళతాడు. ఇలా ఊరంతా చుడతాడు.

వెతికే యంత్రమూ అదే చేస్తుంది. దాని దగ్గర కొన్ని చిరునామాలు ముందే ఉంటాయి. ఒక చిరునామాకు కబురు పెట్టి పేజీని తెప్పించుకుంటుంది. ఆ పేజీలో ఏముందో చదువుతుంది. అందులో ఉన్న లింకులన్నీ రాసుకుంటుంది. ఒక పేజీలో పది లింకులుంటే పది కొత్త చిరునామాలు దొరికినట్టే. ఆ పదీ తెరిస్తే వంద దొరకొచ్చు. రాత్రీ పగలూ ఇదే పని.

ఇలా తిరిగే ఏర్పాటును ‘క్రాలర్’ అంటారు. అంటే పాకేది. ‘స్పైడర్’ అని కూడా అంటారు. అంటే సాలెపురుగు. గూగుల్ క్రాలర్ పేరు గూగుల్‌బాట్. ఇది నిజంగా ఎక్కడికీ కదలదు. తన చోటే కూర్చుని పేజీలను తన దగ్గరికి రప్పించుకుంటుంది.

1993లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో మాథ్యూ గ్రే అనే విద్యార్థి ఇలాంటి తిరుగుడు యంత్రాన్ని తయారుచేశాడు. ఈ పేజీల లోకం ఎంత పెరుగుతోందో లెక్కపెట్టడం దాని పని. ఇప్పటి క్రాలర్లకు అది అక్క లాంటిది.

మరి బాట లేని ఇల్లు సంగతేమిటి? ఊరికి దూరంగా, చేల మధ్య ఒక గుడిసె ఉంది. దాని గురించి ఎవరూ చెప్పలేదు. లెక్కల మాస్టారు అక్కడికి వెళతాడా? వెళ్లడు. అలాగే ఏ లింకూ లేని పేజీ యంత్రం కంట పడదు. ఆ పేజీ ఎంత మంచిదైనా సరే.

దీనికి ఒక ఉపాయం ఉంది. పేజీలు పెట్టినవారే తమ చిరునామాల జాబితా రాసి యంత్రానికి ఇవ్వచ్చు. దీన్ని ‘సైట్‌మ్యాప్’ అంటారు. గూగుల్ 2005లో ఈ పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా దీన్ని ఒప్పుకున్నాయి.

ఇంకో సంగతి. యంత్రం ఒకసారి చూసిన పేజీని మళ్లీ మళ్లీ చూడాలి. వార్తల పేజీలు మాటిమాటికీ మారతాయి. వాటిని త్వరత్వరగా చూస్తుంది. ఎప్పుడో కానీ మారని పేజీని ఎప్పుడో కానీ చూడదు. అందుకని ఒక్కోసారి పాత సమాచారమే మన ముందుకు వస్తుంది. గడువు దాటిన పథకం ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి పేజీ మీద తేదీ చూడటం అలవాటు చేసుకోవాలి.

తలుపు మీద రాత, తలుపుకు తాళం

ప్రతి పేజీనీ అందరికీ చూపించాలని ఉండదు. 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. ‘యంత్రాలు ఈ వైపు రావద్దు’ అని గుమ్మం దగ్గర ఒక చిన్న ఫైలులో రాసి పెట్టాలి. మర్యాద తెలిసిన యంత్రాలు దాన్ని చదివి వెనక్కు పోతాయి.

కానీ రాత వేరు, తాళం వేరు. మర్యాద లేనివాళ్లు రాతను లెక్కచేయరు. అసలు తాళం అంటే పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ వెనక ఉన్నది క్రాలర్‌కు దొరకదు. మీరు మీ చెల్లెలికి వాట్సాప్‌లో పంపిన మాట గూగుల్‌లో రాదు. అదే మాట ఎవరైనా అందరూ చూసే పేజీలో పెడితే మాత్రం రావచ్చు.

2020లో ఇలాంటిదే జరిగింది. కొందరు తమ వాట్సాప్ గ్రూపులో చేరే లింకులను బయటి పేజీల్లో పెట్టారు. యంత్రం బాట పట్టి అక్కడికి వచ్చింది. లింకులు గూగుల్‌లో కనిపించాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆ గ్రూపుల్లోకి వెళ్లగలిగారు. అందుకే ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆడపిల్లల ఫోటోలు అందరూ చూసే చోట పెట్టకూడదు. బాట కనిపిస్తే యంత్రం వస్తుంది. అది మంచీ చెడూ ఆలోచించి రాదు.

రెండో పని: చిట్టా రాయడం

పేజీలు తెచ్చుకుంటే సరిపోదు. గాదెలో గింజలు పోసినట్టు పోస్తే కావలసింది ఎలా దొరుకుతుంది? అందుకు చిట్టా కావాలి. దీన్ని ఇంగ్లీషులో ‘ఇండెక్స్’ అంటారు.

మన ఆశా కార్యకర్త రిజిస్టరు చూడండి. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఇలా రాసుకుందనుకోండి.

4వ ఇల్లు – గర్భిణి ఉంది, బి.పి. ఉంది.
9వ ఇల్లు – చంటిబిడ్డ.
11వ ఇల్లు – బి.పి. ఉంది.
17వ ఇల్లు – గర్భిణి ఉంది.
32వ ఇల్లు – గర్భిణి ఉంది, బి.పి. ఉంది.

ఇది ఇళ్ల వరస. నర్సమ్మ వచ్చి “గర్భిణులు ఏ ఇళ్లలో ఉన్నారు?” అని అడిగింది. అప్పుడు రిజిస్టరు మొదటి నుంచి చివరి దాకా తిరగేయాలి. రోజూ ఇలా తిరగేస్తే పని సాగుతుందా? అందుకని ఆమె ఇంకో జాబితా రాసి పెట్టుకుంది.

గర్భిణులు – 4, 17, 32.
బి.పి. ఉన్నవారు – 4, 11, 32.
చంటిబిడ్డలు – 9.

ఇప్పుడు రిజిస్టరు తిరగబడింది. ముందు ఇంటి కింద సంగతులు ఉండేవి. ఇప్పుడు సంగతి కింద ఇళ్లు వచ్చాయి. “బి.పి. ఉన్న గర్భిణులు ఎవరు?” అంటే రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 4, 32. చిటికెలో దొరికింది.

వెతికే యంత్రం చిట్టా సరిగ్గా ఇలాంటిదే. ఒక్కొక్క మాట కింద ఆ మాట ఉన్న పేజీల వరస ఉంటుంది. ‘పూతరేకులు’ అనే మాట కింద ఆ మాట ఉన్న పేజీలు. ‘ఆత్రేయపురం’ కింద ఆ మాట ఉన్న పేజీలు. రెండు మాటలూ కలిపి అడిగితే రెండు వరసల్లోనూ ఉన్న పేజీలు ఏరి తెస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. 32వ ఇంట్లో గర్భిణి కోడలు. బి.పి. ఉన్నది అత్తగారికి! వరసలు కలిశాయి గానీ మనిషి వేరు. యంత్రానికీ ఇదే చిక్కు వస్తుంది. మాటలు రెండూ పేజీలో ఉంటాయి. మనం అడిగింది మాత్రం అందులో ఉండదు. ఇప్పటి యంత్రాలు మాటల పొందిక చూసి అర్థం పట్టుకోవాలని ప్రయత్నిస్తాయి. అయినా కొన్నిసార్లు అత్తనూ కోడలినీ కలిపేస్తాయి.

మరో ముఖ్యమైన సంగతి. మీరు అడిగినప్పుడు యంత్రం లోకమంతా పరుగెత్తదు. అప్పటికే రాసి పెట్టుకున్న తన చిట్టాలో చూస్తుంది. అందుకే అంత త్వరగా జవాబు వస్తుంది. ఆ చిట్టా చాలా పెద్దది. అందులో పది వేల కోట్లకు పైగా పేజీలున్నాయని గూగుల్ చెబుతోంది. ఎంత పెద్దదైనా చిట్టాకు ఎక్కనిది దొరకదు. యంత్రం చూసిన ప్రతి పేజీనీ చిట్టాకు ఎక్కించదు కూడా. ఒకే సంగతి పది చోట్ల ఉంటే ఒకటి ఉంచుకుని మిగతావి పక్కన పెడుతుంది.

తెలుగు అక్షరం తెలియాలి కదా

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇవ్వాలి. మొదట్లో తెలుగు పత్రికలు కంప్యూటర్లలో తలా ఒక పద్ధతి పెట్టుకున్నాయి. మన కంటికి తెలుగే కనిపించేది. యంత్రానికి మాత్రం అర్థంలేని గుర్తులు కనిపించేవి. అలాంటి పేజీలో తెలుగు మాట వెతికితే దొరికేది కాదు.

యూనికోడ్ అనే పద్ధతి దీన్ని సరిచేసింది. లోకంలోని భాషల అక్షరాలకు అది విడివిడిగా అంకెలు ఇచ్చింది. 1991లో వచ్చిన మొదటి పట్టికలోనే తెలుగు ఉంది. ‘అ’కు 3077. ‘క’కు 3093. యంత్రం ‘అ’ను చూసినప్పుడు నిజానికి 3077ను చూస్తోంది. అందరూ ఈ పద్ధతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక తెలుగు మాట వెతికితే తెలుగు పేజీ దొరకసాగింది.

ఫోటోలో ఉన్న రాత సంగతి వేరు. కరపత్రాన్ని ఫోటో తీసి పెడితే అందులో ఉన్నవి అక్షరాలు కావు, బొమ్మ. యంత్రం బొమ్మలోని రాతను కూడా చదవడానికి ప్రయత్నిస్తుంది. కానీ తప్పులు పోతాయి. అక్షరాలుగా రాసింది దొరికినంత బాగా బొమ్మలోది దొరకదు.

మన భాషలో ఇంకో ఇబ్బంది ఉంది. పూతరేకు, పూతరేకులు, పూతరేకుల్ని, పూతరేకులతో. మనకు ఇవన్నీ ఒకటే. యంత్రానికి మాత్రం ఇవి ఒకే మాట రూపాలని నేర్పాలి. అందుకే ఒక రకంగా అడిగితే దొరకనిది ఇంకో రకంగా అడిగితే దొరుకుతుంది. ఒక్కసారికే “లేదు” అనుకుని ఫోను పక్కన పడేయకూడదు.

ఏ మాటకు ఎంత బరువు?

“ఆత్రేయపురం పూతరేకులు ఎలా చేస్తారు?” అని ఒకరు అడిగారు. ఇందులో నాలుగు మాటలున్నాయి. నాలుగూ సమానమేనా?

‘ఎలా’ అనే మాట ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ‘చేస్తారు’ కూడా అంతే. ‘పూతరేకులు’ కొన్ని పేజీల్లోనే ఉంటుంది. ‘ఆత్రేయపురం’ కూడా కొన్నింటిలోనే ఉంటుంది. కూరలన్నిటిలోనూ ఉప్పు ఉంటుంది. ఉప్పు ఉందంటే అది ఏ కూరో చెప్పలేం. గోంగూర ఉందంటే చెప్పగలం. అరుదైన మాటే ఆనవాలు.

ఈ లెక్కను కనిపెట్టింది ఒక మహిళ. ఆమె పేరు కారెన్ స్పార్క్ జోన్స్. 1935లో ఇంగ్లండులో పుట్టింది. కేంబ్రిడ్జిలో చదువుకుంది. కొన్నాళ్లు బడిపంతులమ్మగా పనిచేసింది. తర్వాత కంప్యూటరుకు మనుషుల భాష ఎలా అర్థమవుతుందనే పరిశోధనలోకి వెళ్లింది. తక్కువ చోట్ల కనిపించే మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలని 1972లో ఒక వ్యాసం రాసింది. అప్పటికి గూగుల్ లేదు. ఇంటి ఇంటా కంప్యూటరూ లేదు. తర్వాత వచ్చిన వెతికే యంత్రాలు ఆమె చెప్పిన లెక్కను వాడుకున్నాయి. కంప్యూటరు పని మగవాళ్లకే వదిలేయకూడదని ఆమె గట్టిగా చెప్పేది. 2007లో చనిపోయింది.

ఆమె లెక్క మనకూ పనికొస్తుంది. వెతికేటప్పుడు ఆనవాలు మాటలు వేయాలి. ‘పంట బాగాలేదు’ అని అడిగితే ఏవేవో వస్తాయి. ‘మిరపలో ఆకుముడత’ అని అడిగితే కావలసింది వస్తుంది.

మూడో పని: వరసలో నిలబెట్టడం

మాటలు కలిసిన పేజీలు లక్ష దొరికాయనుకోండి. లక్ష చదివే ఓపిక ఎవరికుంది? చాలామంది మొదటి నాలుగైదే చూస్తారు. కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పెద్ద విషయం.

1996 ప్రాంతంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు దీనికి ఒక దారి చూపారు. వీరు కూడా స్టాన్‌ఫర్డ్ వాళ్లే. 1998లో వీరిద్దరూ పెట్టిన కంపెనీయే గూగుల్. వారి ఆలోచన ఇది.

మీరు కొత్తగా ఒక ఊరికి వచ్చారు. మంచి దర్జీ కావాలి. నలుగురిని అడుగుతారు. ముగ్గురు ఒకే పేరు చెబితే ఆమె దగ్గరికి వెళతారు. పదిమందికీ రవికలు కుట్టించిన పెద్దమ్మ ఒక పేరు చెబితే, ఆ మాటకు ఇంకా బరువు ఎక్కువ. అలాగే ఒక పేజీకి ఎన్ని పేజీలు బాట వేశాయో లెక్కపెట్టాలి. బాట వేసిన పేజీకి ఎంత పేరుందో కూడా చూడాలి. దాన్ని బట్టి పేజీకి విలువ కట్టాలి.

ఇప్పుడు ఈ లెక్కకు తోడు ఇంకా చాలా చూస్తారు. పేజీ కొత్తదా, పాతదా? అడిగినవారు ఏ ఊళ్లో ఉన్నారు? ఏ భాషలో అడిగారు? ఇవన్నీ చూస్తారు. అందుకే ఇద్దరు ఒకే మాట అడిగినా ఒక్కోసారి వరస మారుతుంది.

ఈ లెక్కంతా దేన్ని కొలుస్తోంది? పేరును, పొందికను కొలుస్తోంది. నిజాన్ని నేరుగా కొలవడం లేదు. నలుగురు చెప్పింది చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ నలుగురూ తప్పు చెప్పిన రోజులూ ఉన్నాయి. డబ్బిచ్చి నలుగురి చేత చెప్పించుకునేవాళ్లూ ఉన్నారు.

తెల్లనివన్నీ పాలు కావు

వరస పైన ఒక్కోసారి ‘స్పాన్సర్డ్’ అనే మాట ఉంటుంది. అంటే అది ప్రకటన. డబ్బు కట్టి ముందు నిలబడింది. దాన్ని కింది వాటితో సమానంగా చూడకూడదు.

దీనికన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇలా అనుకుందాం. ఒక అక్క ఫోనులో డబ్బు పంపింది. డబ్బు పోయింది, అవతలివాళ్లకు చేరలేదు. కంగారుపడి ‘బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు’ అని వెతికింది. పైన ఒక నంబరు వచ్చింది. ఫోను చేసింది. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడాడు. “ఓటీపీ చెప్పండమ్మా” అన్నాడు. “ఈ యాప్ వేసుకోండమ్మా” అన్నాడు. ఆమె చెప్పినట్టే చేసింది. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు డబ్బు కూడా పోయింది.

ఆ దొంగ నంబరు యంత్రంలోకి ఎలా వచ్చింది? దొంగ ఒక పేజీ తయారుచేశాడు. అందులో ‘బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు’ అని పదేపదే రాశాడు. అక్కడక్కడా బాటలు వేశాడు. క్రాలర్ వచ్చింది, చదివింది, చిట్టాలో రాసుకుంది. ఆ నంబరుకు ఫోను చేసి “నువ్వు నిజంగా బ్యాంకువాడివేనా?” అని అది అడగదు. ఇలాంటి పేజీలను ఏరివేయడానికి కంపెనీలు పనిచేస్తూనే ఉంటాయి. దొంగలు కొత్తవి పెడుతూనే ఉంటారు.

కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి.

ఒకటి. బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతకవద్దు. పాస్ పుస్తకం మీద, ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకే చేయాలి.

రెండు. సర్కారు పథకం సంగతి చూసేటప్పుడు సైటు పేరు చదవాలి. కేంద్రానివి, రాష్ట్రానివి చాలా సైట్ల పేర్లు ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తాయి. పేరు మధ్యలో ‘గవ్’ అని ఉంటే చాలదు. చివర ఉండాలి.

మూడు. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదు. నిజమైన బ్యాంకువాళ్లు వాటిని అడగరు.

నాలుగు. మోసం జరిగితే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

వైద్యం సంగతీ అంతే. బిడ్డకు జ్వరం వస్తే గూగుల్ చూపిన మందు వేయకూడదు. గూగుల్‌కు బిడ్డ వయసు తెలియదు, బరువు తెలియదు. నర్సమ్మకు, డాక్టరుకు చూపించాలి.

2024 నుంచి గూగుల్ కొన్ని ప్రశ్నలకు పేజీల పైన తానే ఒక జవాబు రాసి చూపిస్తోంది. కృత్రిమ మేధ రాసే జవాబు అది. చదవడానికి చక్కగా ఉంటుంది. కానీ అది కూడా ఎవరో రాసిన పేజీల మీద ఆధారపడి అల్లిందే. అందులోనూ తప్పులు వస్తున్నాయి. కింద ఏ పేజీలు చూపించిందో తెరిచి చదవాలి.

ఫోనే మాట్లాడుతుంటే చదువెందుకు?

ఈ మాట చాలామంది అంటున్నారు. 2017 నుంచి గూగుల్‌ను తెలుగులో నోటితోనే అడగవచ్చు. ఫోను జవాబు చదివి వినిపిస్తుంది కూడా. “ఇంకా ఈ వయసులో పలకా బలపం ఎందుకు?” అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

జవాబు ఇప్పటిదాకా చెప్పుకున్న దాంట్లోనే ఉంది. అడగడానికి నోరు చాలు. తేల్చుకోవడానికి చదువు కావాలి. ‘స్పాన్సర్డ్’ అన్న మాటను కన్ను పట్టుకోవాలి. సైటు పేరు చివర ఏముందో చదవాలి. పేజీ తేదీ చూడాలి. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి ఏది పొసగుతుందో చూడాలి. చదువు రానివాళ్లు ఫోను ఏది చెబితే అది నమ్మాలి. లేదా ఇంకొకరి మీద ఆధారపడాలి. చదువు వచ్చిన మనిషి “ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?” అని అడగగలదు.

రాయనిది దొరకదు

చివరిగా ఒక మాట.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి మహిళలు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. ఆ పాఠాల్లో సారా గురించి చర్చ వచ్చింది. 1992లో వాళ్లు తమ ఊళ్లో సారా ఆపించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ రోజు గూగుల్‌లో ‘దూబగుంట’ అని వెతికితే ఆ కథ దొరుకుతుంది. ఎందుకు దొరుకుతోంది? ఎవరో రాశారు కాబట్టి.

ఆ రోజుల్లో ఇంకా ఎన్నో ఊళ్లలో ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని సారా కొట్టు ముందు నిలబడ్డారు. వాళ్లలో చాలామంది పేర్లు వెతికితే దొరకవు. వాళ్లు చేసిన పని చిన్నదని కాదు. ఎవరూ రాయలేదు. రాయనిదాన్ని ఏ క్రాలరూ చదవలేదు.

మన విత్తనాల పేర్లు, మన పాటలు, చెరువు కట్ట తెగిన ఏడాది, మంత్రసాని అవ్వ చెప్పిన జాగ్రత్తలు. ఇవన్నీ మన నోళ్లలోనే ఉన్నాయి. చిట్టాలో లేవు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం అది. మన ఊరి పేజీ అందులో ఉందో లేదో చూడవచ్చు. ఉంటే తప్పులు దిద్దవచ్చు. మొదట పిల్లల సాయం తీసుకోవచ్చు. మహిళా సంఘం పచ్చళ్లు అమ్మాలంటే ఫోటో ఒక్కటే పెడితే చాలదు. ఊరి పేరు, పచ్చడి పేరు, ధర తెలుగు అక్షరాల్లో రాయాలి. తెలిసినవారి పేజీల నుంచి దానికి ఒక బాట వేయించుకోవాలి.

యంత్రం తిరుగుతుంది, రాసుకుంటుంది, వరసలో పెడుతుంది. అంతవరకే దాని పని. చదివి తేల్చుకోవడం మీ పని. లేనిదాన్ని రాసిపెట్టడం కూడా మీ పనే.

సెలవు.

కలిసి మాట్లాడుకోండి

1. లింకు లేని పేజీ వెతికే యంత్రానికి ఎందుకు దొరకదు?
2. ఆశా కార్యకర్త రాసిన రెండో జాబితాకూ, యంత్రం చిట్టాకూ పోలిక ఏమిటి?
3. ‘బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతకవద్దు’ అని ఎందుకు అన్నారు? మీ ఊళ్లో ఇలాంటి మోసం జరిగిందా?
4. మీ ఊరి పేరు గూగుల్‌లో వెతకండి. ఏమి దొరికింది? ఏమి దొరకలేదు?
5. దొరకని సంగతుల్లో ఒకటి ఎంచుకోండి. దాని గురించి ఐదు వాక్యాలు మీ చేతితో రాయండి.